మార్కెట్లోకి వచ్చిన మొదటి వారంలోనే ట్యాబ్ కొనాలా?

అమ్మా, మీరు రాసినదాని ప్రకారం సంగతి ఇది. గుంటూరు అరండల్‌పేటలో ఉంటారు. అమ్మాయి పదో తరగతి పూర్తిచేసి ఇంటర్ ఎంపీసీలో చేరుతోంది, రోజూ ఇంటి నుంచే కాలేజీకి వెళ్లి వస్తుంది. పోయిన వారం మార్కెట్లోకి వచ్చిన పదకొండు అంగుళాల ఆండ్రాయిడ్ ట్యాబ్ మీద మీవారి కన్ను పడింది. ధర 26,999 రూపాయలు, మొదటి వారం కార్డు ఆఫర్‌లో 23,999, పైగా పెన్ను ఉచితం. ఆదివారంతో ఆఫర్ అయిపోతుంది కాబట్టి వెంటనే కొనేద్దామంటారు మీవారు. పెద్ద కంపెనీది నిరుటి మోడల్ తీసుకోమంటారు మీ మరిది. మధ్యలో ఎటూ తేల్చుకోలేక మీరు అడుగుతున్నారు. బీరువాలో పడి ఉన్న ఎనిమిది అంగుళాల పాత ట్యాబ్‌ను ఎక్స్ఛేంజ్‌కు ఇవ్వాలా అన్నది చివరి ప్రశ్న.

ముందు నా మాట చెప్పేస్తాను. ఆదివారంలోగా కొనవద్దు. ఆ ట్యాబ్ చెడ్డదని కాదు. మంచిదో చెడ్డదో ఇప్పుడే తేల్చి చెప్పగలిగినవారు ఎవరూ లేరు, కంపెనీతో సహా.

నేను విజయవాడ గవర్నర్‌పేటలో ఫోన్లు, ట్యాబ్‌లు బాగుచేసే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. పెట్టె విప్పిన రోజు సంబరం నా కంట పడదు. రెండు మూడేళ్లు వాడి, చార్జింగ్ నిలవక, తెర పగిలి, తెరిచిన యాప్ తెరిచినట్టే నిలబడిపోయాక అది నా బల్ల మీదికి వస్తుంది. అందుకని కొత్త మోడల్ పేరు వినగానే నాకు కలిగే మొదటి ప్రశ్న ఒకటే: మూడో ఏట ఇది ఎలా ఉంటుంది? మీ విషయంలో ఈ ప్రశ్నకు ఇంకా విలువ ఉంది. ఇంటర్ రెండేళ్లు, ఆపైన ఇంజినీరింగ్ మొదటి రెండేళ్లయినా అది పనిచేయాలి. నాలుగేళ్లు నడవాల్సిన వస్తువును నాలుగు రోజుల ఆఫర్ చూసి తేల్చుకోకూడదు.

మొదటి వారం యూట్యూబ్‌లో వచ్చే సమీక్షలు పనికిరావని అనను. తెర వెలుతురు, స్పీకర్ల మోత, చేతిలో బరువు వాళ్లు బాగానే చెబుతారు. కాకపోతే చాలామందికి ఆ ట్యాబ్ కంపెనీ నుంచే వస్తుంది, వారం పది రోజులు వాడి మాట్లాడతారు. ఏడాది తర్వాత బ్యాటరీ ఎలా ఉంటుందో, ఇస్తామన్న అప్‌డేట్ వస్తుందో రాదో, వచ్చాక వేగం తగ్గుతుందో ఆ పది రోజుల్లో తెలిసే వీలు లేదు. డబ్బు పెట్టి కొన్నవాళ్ల మాటలు నెలా నెలన్నర తర్వాత మొదలవుతాయి. అమ్మకాల సైట్‌లో నాలుగు నక్షత్రాలవీ, ఐదు నక్షత్రాలవీ వదిలేసి రెండు, మూడు నక్షత్రాలు ఇచ్చినవాళ్లు రాసింది చదవండి. ఒకే ఫిర్యాదు పదిమంది నోట వినిపిస్తే, అంటే వై‌ఫై తెగిపోతోందనో, తెర అంచున వెలుతురు కారుతోందనో, అది ఆ మోడల్ లోపమే. కొరియర్ ఆలస్యం గురించి తిట్టినవాళ్లను లెక్కలోకి తీసుకోకండి.

ఆఫర్ పోతుందన్న భయం గురించి రెండు మాటలు. ఆగస్టు 15కు ఒకసారి, దసరా దీపావళికి ఒకసారి, సంక్రాంతికి ఒకసారి ఇలాంటి కార్డు ఆఫర్లే మళ్లీ వస్తాయి. ధర తగ్గించడానికి అంతగా ఇష్టపడదని పేరున్న ఆపిల్‌నే చూడండి. 2022లో 44,900 రూపాయలకు వచ్చిన పదో తరం ఐప్యాడ్ 2024 మే నాటికి 34,900కు దిగింది. ఆండ్రాయిడ్ ట్యాబ్‌లు మామూలుగా అంతకన్నా త్వరగా దిగుతాయి. మెమరీ చిప్‌ల ధరలు పెరిగిన కాలంలో వీటి ధరా పెరగవచ్చు, లేకపోలేదు. అయినా నెలన్నర ఆగినందుకు మీకు కలిగే నష్టం, మహా అయితే, ఆ మూడు వేల కార్డు తగ్గింపు, ఆ ఉచిత పెన్ను. సరిపడని వస్తువు కొంటే పోయేది ఇరవై నాలుగు వేలు.

ఇక మీరు పంపిన వివరాల్లో పెద్ద అక్షరాలతో ఉన్నది '8+8 జీబీ ర్యామ్'. ఇది పదహారు కాదమ్మా. మొదటి ఎనిమిదే నిజమైన ర్యామ్, అంటే తెరిచిన యాప్‌లు నడిచే జాగా. రెండో ఎనిమిది, ఫైళ్లు దాచుకునే స్టోరేజీలోంచి అరువు తెచ్చుకున్న జాగా. ర్యామ్ నిండినప్పుడు కాసేపు వాడని యాప్‌ల సమాచారాన్ని అక్కడికి నెట్టి, మళ్లీ అడిగినప్పుడు వెనక్కి తెచ్చుకుంటుంది. ర్యామ్ వేగం ఎక్కడ, స్టోరేజీ వేగం ఎక్కడ! నిజమైన ఎనిమిది జీబీ మీ అమ్మాయికి సరిపోతుంది, సందేహం లేదు. మరో ఎనిమిది కలిపి చూపినందుకు మాత్రం ఒక్క రూపాయి కూడా ఎక్కువ ఇవ్వకండి.

అసలు అడగాల్సిన ప్రశ్న ఆ స్టోరేజీ ఏ రకం అన్నది. మీరు పంపిన కాగితంలో '128 జీబీ' అని ఉంది, రకం రాయలేదు. రాయలేదంటే నాకు అనుమానమే. మంచిదైతే దండోరా వేసి మరీ చెప్పుకుంటారు. ట్యాబ్‌లలో ప్రధానంగా రెండు రకాలు వాడతారు. ఈఎంఎంసీ అన్నది పాతది, చవకది. అది ఒక సమయంలో చదవడమో రాయడమో ఏదో ఒకటే చేయగలదు. యూఎఫ్ఎస్ రెండూ ఒకేసారి చేస్తుంది. ఈఎంఎంసీలో చివరి తరమైన 5.1కు పై హద్దు సెకనుకు 400 ఎంబీ, అదీ కాగితం మీద. మామూలు యూఎఫ్ఎస్ 2.2 కూడా చదివేటప్పుడు దానికి రెట్టింపు దాటుతుంది.

కొత్తలో ఈ తేడా తెలియదు. ట్యాబ్ ఖాళీగా ఉంటుంది, అన్నీ చకచకా తెరుచుకుంటాయి. రెండో ఏడు వచ్చేసరికి డౌన్‌లోడ్ చేసిన పాఠాల వీడియోలు, పీడీఎఫ్‌లు, వాట్సాప్ ఫొటోలు కలిసి స్టోరేజీలో ముప్పాతిక నిండిపోతుంది. అమ్మాయి భౌతికశాస్త్రం పీడీఎఫ్‌లో పేజీ తిప్పుతుంది. అదే సమయంలో వెనుక ప్లే స్టోర్ ఏదో యాప్‌ను అప్‌డేట్ చేస్తుంటుంది. పేజీ సగం వచ్చి ఆగుతుంది, తెల్లటి తెర, వేలు పెట్టినా ఉలుకూ పలుకూ ఉండదు. దీనికి తోడు ఆ అరువు ర్యామ్ కూడా అదే స్టోరేజీ మీద పడి బతుకుతోంది కదా. నా దగ్గరికి 'వైరస్ పట్టింది, చూడండి' అని తెచ్చే ట్యాబ్‌లలో చాలావాటి జబ్బు ఇదే. ర్యామ్ అయినా స్టోరేజీ అయినా బోర్డుకు అతికి ఉంటాయి, కంప్యూటర్‌లో మార్చినట్టు మార్చలేం. ఫైళ్లు తీసేసి కొంత ఖాళీ చేసి ఇవ్వడం తప్ప నేను చేయగలిగింది ఉండదు. కాబట్టి కంపెనీ కస్టమర్ కేర్‌కు రాసి స్టోరేజీ రకం తెలుసుకోండి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. ఇరవై వేలు దాటిన ట్యాబ్‌లో ఈఎంఎంసీ అని తేలితే ఇక మిగతా ఏదీ చూడనక్కరలేదు, వదిలేయండి.

ప్రాసెసర్ గురించి మీవారి మాటగా చాలా రాశారు. మీ అవసరానికి దాని గొడవ అంత లేదు. పాఠాలు చూడడానికి, చదవడానికి, పెన్నుతో లెక్కలు చేయడానికి ఈ ధరలో వచ్చే ఏ ప్రాసెసర్ అయినా చాలు. కెమెరా సంగతి అసలే వదిలేయండి.

తెర మాత్రం దగ్గర పెట్టుకుని చూడాల్సిందే. ఆన్‌లైన్‌లో కొనేటట్లయినా, ఆ మోడల్ ప్రదర్శనకు పెట్టిన షాపు విజయవాడ ఎంజీ రోడ్డులోనో, గుంటూరు లక్ష్మీపురంలోనో దొరికితే ఒకసారి వెళ్లి రండి. వెళ్లేటప్పుడు అమ్మాయి నిజంగా చదివే ఒక తెలుగు పీడీఎఫ్, స్కాన్ చేసిన ఒక మెటీరియల్ పేజీ మీ ఫోనులో పెట్టుకోండి. షాపువాళ్లు చూపించే జలపాతాల వీడియోలో ఏ తెరయినా అందంగానే ఉంటుంది. మీ పీడీఎఫ్ అందులోకి పంపి, పేజీ మొత్తం తెరమీద పట్టేలా పెట్టి, పెద్దది చేయకుండా చదవమనండి. 'రాష్ట్రం', 'స్వాతంత్ర్యం', 'లక్ష్మి' లాంటి మాటలు ఎక్కడ ఉన్నాయో వెతికి అక్కడి ఒత్తులు చూడండి. ఇంగ్లిషు అక్షరం ఒక్క వరుసలో కూర్చుంటుంది కాబట్టి చుక్కలు తక్కువున్న తెరలోనూ చదవగలం. మనకు అక్షరం కింద ఒత్తు, దాని కింద మరో ఒత్తు. చుక్కల సాంద్రత తక్కువైన తెర మీద ట వత్తూ ర వత్తూ కలిసి ఒక మరకలా కనిపిస్తాయి. పది అంగుళాల తెరకు 1280×800 చుక్కలు ఉంటే అంగుళానికి 150 చుక్కలే పడతాయి. అది తెలుగు చదవడానికి చాలదు. పదకొండు అంగుళాలకు 1920×1200 అంటే అంగుళానికి 206, పరవాలేదు. 2560×1600 అయితే 270 దాటుతుంది, హాయిగా ఉంటుంది. మీరు రాసిన ట్యాబ్ మధ్యలోది, కాబట్టి కంటితో చూసే తేల్చుకోవాలి.

సైజు విషయంలో పదకొండు అంగుళాలు (ఇది తెర మూల నుంచి మూలకు కొలత) ఎంచుకోవడం మంచిదే, దీనికి లెక్క ఉంది. ఏ4 కాగితం వెడల్పు 8.27 అంగుళాలు. మీరు చూసే ట్యాబ్‌ను నిలువుగా పట్టుకుంటే తెర వెడల్పు 5.8 అంగుళాలు ఉంటుంది, అంటే ఏ4 పేజీ డెబ్బై శాతానికి కుదించుకుపోతుంది. పన్నెండు పాయింట్ల అక్షరం ఎనిమిదిన్నరలా కనిపిస్తుంది. ఎనిమిదిన్నర అంగుళాల చిన్న ట్యాబ్‌లలో అదే పేజీ సగానికి కాస్త పైన ఉంటుంది, అక్షరం ఆరున్నర. రెండు వేళ్లతో పెద్దది చేసుకుంటూ, అటూ ఇటూ జరుపుకుంటూ ఒక పూట చదవగలరు, రెండేళ్లు చదవలేరు. మీ పాత ట్యాబ్ బీరువా ఎక్కడానికి కారణం బహుశా ఇదే అయి ఉంటుంది.

90 హెర్ట్జ్, 120 హెర్ట్జ్ అన్నవి తెర సెకనుకు ఎన్నిసార్లు మారుతుందో చెప్పే అంకెలు, పేజీ జరిపేటప్పుడు కంటికి ఇంపుగా ఉండడానికి. చదువుకు అదనంగా కలిసొచ్చేది లేదు.

ఉచితం అన్న పెన్ను దగ్గరికి వద్దాం. ఉచితం అన్నారు కాబట్టి అనుమానించాలి. పెన్నుల్లో తేడా చాలా ఉంది. రబ్బరు మొన ఉండేది వేలికి బదులు పనిచేస్తుంది, అంతే, దానితో కలనగణితం లెక్క రాయడం సాధ్యం కాదు. అసలైన పెన్నును తెర ప్రత్యేకంగా గుర్తుపడుతుంది, చేయి తెరమీద ఆన్చినా పట్టించుకోదు. షాపులో పరీక్షించే తీరు చెబుతాను. అరచేతిని నోటుపుస్తకం మీద పెట్టినట్టే పూర్తిగా తెర మీద ఆన్చి, చిన్న అక్షరాలతో ఒక వర్గ సమీకరణం రాయమనండి, మీరు కాదు, అమ్మాయి చేతనే. వర్గమూలం గుర్తు కింద భిన్నం, దాని మీద ఘాతం. గీత మొన వెనుకే వస్తోందా, ఒక జానెడు వెనక ఈడ్చుకుంటూ వస్తోందా చూడండి. చేయి ఆనిన చోట పిచ్చి గీతలు పడితే ఆ పెన్ను నెలలో డ్రాయరులోకి వెళ్లిపోతుంది. తర్వాత రెండు ప్రశ్నలు: పెన్ను మొన అరిగితే విడిగా దొరుకుతుందా, పెన్ను పోతే కొత్తది ఎంత. శాంసంగ్ ఎస్ పెన్‌తో గీయడానికి చార్జింగ్ అక్కరలేదు, చాలా కంపెనీల పెన్నులకు కావాలి. పరీక్ష ముందురోజు రాత్రి పెన్ను చార్జింగ్ అయిపోవడం ఎంత చికాకో పిల్లలను అడగండి.

మన ఊళ్ల ఎండ సంగతి ఈ కంపెనీల ప్రకటనల్లో ఉండదు. ఐప్యాడ్‌ను సున్నా నుంచి 35 డిగ్రీల మధ్య వాతావరణంలో వాడమని ఆపిల్ రాసింది. మేలో గుంటూరులో మధ్యాహ్నం గదిలోనే అంతకన్నా ఎక్కువ ఉంటుంది. లిథియం బ్యాటరీకి వేడిని మించిన శత్రువు లేదు, నూటికి నూరు శాతం చార్జింగ్‌లో ఉండి వేడెక్కితే ఇంకా త్వరగా దెబ్బతింటుంది. మంచం మీద దిండుకు ఆనించి, చార్జర్ పెట్టి, మూడు గంటలు వరుసగా క్లాసు చూస్తే ఏమవుతుందో నేను రోజూ చూస్తున్నదే. మొదట తెర అంచున వెంట్రుకంత సందు కనిపిస్తుంది. బల్లమీద వెల్లకిలా పెట్టి ఒక మూల నొక్కితే రెండో మూల లేస్తుంది. లోపల బ్యాటరీ ఉబ్బి తెరను బయటికి తోస్తోందన్నమాట. ఆ స్థితిలో చార్జింగ్ పెట్టకూడదు. ట్యాబ్‌లో తెర, బ్యాటరీ రెండూ జిగురుతో అతికించి ఉంటాయి. వేడి చేసి, పలచటి రేకు దూర్చి, అంగుళం అంగుళం విడదీయాలి. ఉబ్బిన బ్యాటరీ మారుద్దామని మొదలుపెడితే తెర చిట్లే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. అందుకని కొనే ట్యాబ్‌లో చార్జింగ్‌ను 80 శాతం దగ్గర ఆపే సదుపాయం సెట్టింగ్స్‌లో ఉందేమో చూడండి. చదువుకునే బల్ల దగ్గరే చార్జర్ పెట్టి వాడే పిల్లలకు ఇది వరం.

బ్యాటరీ 8,000 ఎంఏహెచ్ అన్నది ఆ సైజుకు మామూలే. పెట్టెలో ఇచ్చే చార్జర్ ఎన్ని వాట్లో చూడండి. బ్యాటరీలో పట్టేది దాదాపు 31 వాట్-గంటలు. పది వాట్ల చార్జర్ అయితే లెక్క ప్రకారమే మూడు గంటలు దాటుతుంది, నిజంగా నాలుగు పడుతుంది. కొన్ని కంపెనీలు చార్జర్ ఇవ్వడమే మానేశాయి, ఆ ఖర్చు కలుపుకోండి.

ఇప్పుడు నా దృష్టిలో స్టోరేజీ తర్వాత అంత ముఖ్యమైనది సర్వీసు. ఫోన్లకు సర్వీస్ సెంటర్ ఉన్నంత మాత్రాన అక్కడ ట్యాబ్ బాగుచేస్తారని అనుకోకండి. కొన్నిచోట్ల తీసుకుని హైదరాబాదు పంపిస్తారు, రావడానికి వారాలు పడుతుంది. పిల్ల యూనిట్ టెస్టుల మధ్యలో ఇది జరిగితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. కొనకముందే విజయవాడలోనో గుంటూరులోనో ఉన్న ఆ కంపెనీ అధీకృత సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేసి, 'ఈ మోడల్ డిస్‌ప్లే మీ దగ్గర ఉందా, ఎంత, ఇక్కడే వేస్తారా' అని అడగండి. చాలా కంపెనీలు విడిభాగాల ధరలు తమ సైట్‌లోనే పెడతాయి. మొదటి వారంలో అడిగితే 'ఇంకా రాలేదు' అంటారు. ఇదీ ఆగమనడానికి ఒక కారణం. డిస్‌ప్లే ధర ట్యాబ్ ధరలో సగానికి దగ్గరగా ఉంటే, ఆ ట్యాబ్ ఒకసారి చేయిజారితే పోయినట్టే అనుకోవాలి. కవరు, టెంపర్డ్ గ్లాసు సంగతీ ఇంతే. కొత్త మోడల్‌కు సరిపోయేవి బీసెంట్ రోడ్డు అంతా తిరిగినా మొదట్లో దొరకవు. సుమారు సైజు చూసి ఏదో ఒకటి అతికిస్తారు, అంచులు లేచి దుమ్ము పట్టేస్తుంది. ట్యాబ్‌లు పగిలేది ఎక్కువగా ఆ కవరు లేని మొదటి నెలల్లోనే.

అప్‌డేట్ల మాట. మీరు పంపిన ప్రకటనలో రెండు ఆండ్రాయిడ్ వెర్షన్లు, మూడేళ్ల సెక్యూరిటీ అప్‌డేట్లు అన్నారు. అది మార్కెట్లోకి వచ్చిన రోజు నుంచి లెక్క, మీరు కొన్న రోజు నుంచి కాదు. మూడేళ్లంటే మీ అమ్మాయి ఇంజినీరింగ్ మొదటి సంవత్సరంతో సరి. అయిపోగానే ట్యాబ్ ఆగిపోదు, కానీ లోపాలకు మరమ్మతు రాదు, కొన్ని యాప్‌లు పాత ఆండ్రాయిడ్‌లో పనిచేయడం మానేస్తాయి. అందులో బ్యాంకు యాప్‌లు పెట్టకపోతే నాలుగో ఏడు కూడా నెట్టుకురావచ్చు. పోల్చి చూడాలంటే, 2018లో వచ్చిన మామూలు ఐప్యాడ్‌కు 2023లోనూ కొత్త వెర్షన్ ఐప్యాడ్ ఓఎస్ 17 అందింది. మీ మరిది చెప్పిన 'పెద్ద కంపెనీ నిరుటి మోడల్' మాటలో పస ఉన్నది ఇక్కడే. అప్‌డేట్ల హామీ ఎక్కువ ఏళ్లు ఉన్న మోడల్ ఏడాది పాతదైనా, హామీ తక్కువ ఉన్న కొత్తదానికన్నా ఎక్కువ కాలం బతకవచ్చు. ఏ సంవత్సరం ఏ నెల వరకు అప్‌డేట్ ఉంటుందో రెండింటికీ రాసుకుని పక్కపక్కన పెట్టి చూడండి. నిరుటి మోడల్‌కు ఇంకో సుగుణం, దాని లోపాలన్నీ ఈపాటికి బయటపడి ఉంటాయి.

చవక ధర ఒక్కటే చూసి మోసపోయిన రోజులు మనకు కొత్త కాదు. 2011 అక్టోబరులో ఢిల్లీలో 'ఆకాశ్' ట్యాబ్‌ను విడుదల చేసినప్పుడు దేశమంతా ధర చూసి ఆశ్చర్యపోయింది. ఏడు అంగుళాల రెసిస్టివ్ తెర, గట్టిగా నొక్కితే గాని పలకదు, ర్యామ్ 256 ఎంబీ. ఆనాటి చదువు యాప్‌లకే అది చాలలేదు. ఇప్పటి ట్యాబ్‌లు ఎన్నో రెట్లు మెరుగే, కానీ కాగితం మీద అంకె చూసి మురిసిపోయే మన అలవాటు అలాగే ఉంది.

కీబోర్డు కవరు 4,999కి ఇస్తున్నారని రాశారు. వద్దు. ఇంజినీరింగ్‌లో చేరాక ప్రోగ్రామింగ్‌కు ఎలాగూ ల్యాప్‌టాప్ కొనాల్సి వస్తుంది, ఆ డబ్బు దానికి దాచండి. జేఈఈ మెయిన్, ఏపీ ఈఏపీసెట్ రెండూ కంప్యూటర్ ముందు కూర్చుని మౌసుతో రాసే పరీక్షలు. ట్యాబ్‌లో వేలితో మాక్ టెస్టులు ఎన్ని రాసినా ఆ అలవాటు రాదు. పరీక్ష దగ్గరపడ్డాక ఇంట్లోనో బంధువుల ఇంట్లోనో ఉన్న కంప్యూటర్ మీద కొన్నయినా రాయించండి.

సిమ్ ఉన్నదా, వై‌ఫైదా అన్నదానికి, ఇంట్లో నెట్ ఉంది కాబట్టి వై‌ఫైది చాలు, బయట మీ ఫోను హాట్‌స్పాట్ ఉంది. ఒక్క సంగతి తెలిసి కొనండి. వై‌ఫై మాత్రమే ఉన్న ట్యాబ్‌కు ఐఎంఈఐ నంబరు, అంటే ఒక్కో ఫోనుకు విడిగా ఉండే గుర్తింపు నంబరు, ఉండదు. పోతే ప్రభుత్వ సైట్ సంచార్ సాథీ ద్వారా ఫోనును బ్లాక్ చేయించినట్టు దీన్ని చేయించలేరు. అందుకని బిల్లు మీద సీరియల్ నంబరు తప్పకుండా వేయించుకోండి. కాలేజీలోకి ట్యాబ్ రానిస్తారో లేదో కూడా ముందే అడగండి, చాలా కాలేజీలు రానివ్వవు.

'నో కాస్ట్ ఈఎంఐ' అన్నారు మీవారు. సున్నా వడ్డీ అనేది లేనే లేదని, దాన్ని వేరే రూపంలో వసూలు చేస్తున్నారని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకు చెప్పింది. ఇప్పటి పద్ధతిలో వడ్డీకి సరిపడా తగ్గింపు ముందే చూపిస్తారు, కానీ ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు మీ బిల్లులోకి వస్తాయి. పైగా ఈఎంఐ తీసుకుంటే వేరే తగ్గింపు వర్తించని సందర్భాలూ ఉంటాయి. చివరి అంకె రెండు విధాలుగా వేసి చూడండి. డబ్బు చేతిలో ఉంటే ఒకేసారి కట్టేయడం మేలు.

కాబట్టి మీరు చేయవలసింది ఇది. కస్టమర్ కేర్‌కు స్టోరేజీ ప్రశ్న ఇవాళే రాయండి. నెలన్నర ఆగండి. ఈలోగా తెర, పెన్ను చూసి రండి, సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేయండి. స్టోరేజీ యూఎఫ్ఎస్ అయి, డిస్‌ప్లే ఇక్కడే దొరికి, పెన్ను అమ్మాయి చేతికి నచ్చితే 24 వేల లోపు ఆ ట్యాబ్ మంచి బేరమే, నిశ్చింతగా తీసుకోండి. వీటిలో ఏది తప్పినా మీ మరిది మాట వినండి. నెలన్నర చదువు ఆగిపోతుందని బెంగ పడకండి. ఇంటర్ మొదటి నెలల్లో అచ్చు పుస్తకాలే సగం పని చేస్తాయి, ఏలూరు రోడ్డు పుస్తకాల షాపుల్లో దొరకనిదంటూ లేదు.

ఆన్‌లైన్‌లో కొంటే పెట్టె తెరిచేటప్పుడు వీడియో తీయండి, తిరిగి ఇచ్చే గడువు ఎన్ని రోజులో చూసుకుని ఆ రోజుల్లోనే అన్నీ పరీక్షించండి. తెరమీద పూర్తి తెలుపు, పూర్తి నలుపు పెట్టి చీకటి గదిలో ఒకసారి చూడండి. చచ్చిన చుక్కలు, అంచుల్లో కారే వెలుతురు అప్పుడే బయటపడతాయి. ఏదైనా పేచీ వస్తే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915, ఫిర్యాదు తెలుగులోనే చెప్పవచ్చు.

పాత ట్యాబ్‌కు ఎక్స్ఛేంజ్‌లో వెయ్యి రూపాయలకు మించి రాకపోతే ఇవ్వకండి, పెద్దవాళ్లు భజనలు, వార్తలు చూసుకోవడానికి ఉంచండి. అంతకన్నా ముందు దాన్ని బీరువాలోంచి తీసి అంచులు చూడండి. ఎక్కడైనా ఉబ్బి కనిపిస్తే ఇంట్లో ఉంచవద్దు, ఏదైనా సర్వీస్ సెంటర్‌లో అప్పగించండి. ఎక్స్ఛేంజ్‌కే ఇచ్చేటట్లయితే ఫొటోలు దించుకుని, సెట్టింగ్స్‌లో గూగుల్ ఖాతా తీసేసి, ఆ తర్వాత రీసెట్ చేయండి. ఖాతా తీయకుండా పక్క బటన్లు నొక్కి రీసెట్ చేస్తే మళ్లీ తెరిచినప్పుడు పాత పాస్‌వర్డ్ అడుగుతుంది, తీసుకెళ్లడానికి వచ్చిన కుర్రాడు గుమ్మంలోనే తిప్పి ఇచ్చేస్తాడు.